భారీ కాలిబర్ రివాల్వర్లు: పట్టు, రీకాయిల్, అడవిలో మోసుకెళ్ళే తీరు – ఒక తులనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం: అలాస్కా, మోంటానా, వయోమింగ్ వంటి అమెరికా రాష్ట్రాల్లో గోధుమరంగు ఎలుగుబంట్లు తిరిగే ప్రాంతాలకు వెళ్ళేవారిలో కొందరు రక్షణకై భారీ కాలిబర్ రివాల్వర్‌ను వెంట ఉంచుకొంటారు. అటువంటి ఆయుధాలను తూటా శక్తినిబట్టి మాత్రమే పోల్చడం చాలదనీ, తుపాకీ బరువు, పిడి ఆకృతి, ఒంటిమీద ధరించే చోటు కలిసి వాటి ఉపయోగాన్ని నిర్ణయిస్తాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. రీకాయిల్‌ను ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ఆధారంగా లెక్కించి, ఆ ఫలితాలను అలాస్కా ఘటనలపై వెలువడిన అధ్యయనాలతో కలిపి పరిశీలిస్తుంది.

కీలక పదాలు: రివాల్వర్, కాలిబర్, మాగ్నం, రీకాయిల్, ద్రవ్యవేగం, గతిజశక్తి, ఎలుగుబంటి.

1. ఉపోద్ఘాతం

తుపాకీ పేల్చినప్పుడు అది ఎంత వేగంతో వెనక్కి కదులుతుందన్న లెక్క ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చదివిన ప్రతివారికీ పరిచయమే. ద్రవ్యవేగ నిత్యత్వం పాఠం చివర ఆ లెక్క తప్పక కనిపిస్తుంది. అయితే పాఠ్యపుస్తకంలోని తుపాకీకి పిడి ఉండదు, దాన్ని పట్టుకొన్న మనిషికి మణికట్టు ఉండదు. ఈ రెండింటినీ చేర్చి చూస్తే అదే లెక్క ప్రాణాలకు సంబంధించిన నిర్ణయంగా మారుతుంది. నదిలో సాల్మన్ చేపలు పట్టుకొనే మనిషి మీదికి పొదలోంచి ఎలుగుబంటి దూసుకొచ్చే వేళ, చేతిలోని ఆయుధం శక్తి ఎంత అన్నదానికంటే, దానిని అతడు రెండోసారి సూటిగా పేల్చగలడా అన్నదే ముఖ్యం.

‘భారీ కాలిబర్’ అనే మాటకు కచ్చితమైన హద్దు లేదు. వాడుకలో .40 అంగుళానికి, అంటే సుమారు 10 మిల్లీమీటర్లకు, పైబడిన వ్యాసం గల బుల్లెట్‌ను పేల్చే వాటిని ఈ పేరుతో పిలుస్తారు. .357 మాగ్నం ఆ హద్దుకు కొంచెం దిగువన నిలుస్తుంది. పోలికకు కొలమానంగా మాత్రమే ఇక్కడ దానిని స్వీకరించడం జరిగింది.

2. తూటాల వంశక్రమం

ఈ తూటాలలో చాలావరకు పాతవాటిని సాగదీసి పుట్టించినవే. 1935లో స్మిత్ అండ్ వెసన్ సంస్థ విడుదల చేసిన .357 మాగ్నం, అంతకుముందున్న .38 స్పెషల్ గొట్టాన్ని పొడిగించగా వచ్చింది. ఐడహోకు చెందిన పశువుల పెంపకందారు, రచయిత ఎల్మర్ కీత్ .44 స్పెషల్ తూటాలో మోతాదుకు మించి మందు దట్టించి చేసిన ప్రయోగాలు 1955–56లో .44 మాగ్నం రావడానికి దారితీశాయి. తూటాను రెమింగ్టన్, దానికి తగిన రివాల్వర్‌ను స్మిత్ అండ్ వెసన్ తయారుచేశాయి. తరువాత ‘మోడల్ 29’గా పేరుపడినది ఆ రివాల్వరే. 1971లో వచ్చిన ‘డర్టీ హ్యారీ’ చిత్రం దానికి లోకమంతా పేరు తెచ్చింది. ఆ పేరు వల్ల దాన్ని కొన్నవారెందరో, ఒకటి రెండు డబ్బాల తూటాలు కాల్చి పక్కన పెట్టేశారన్న చతురోక్తి తుపాకీ ప్రియుల మధ్య నేటికీ వినిపిస్తుంది. పేరులో .44 ఉన్నా బుల్లెట్ అసలు వ్యాసం .429 అంగుళమే కావడం గమనార్హం.

డిక్ కాసల్ 1950ల చివరలో .45 కోల్ట్ తూటాను పొడిగించి .454 కాసల్‌ను రూపొందించాడు. దాని పీడనాన్ని తట్టుకొనే రివాల్వర్ క్రమంగా ఉత్పత్తి కావడానికి 1983 వరకు ఆగవలసి వచ్చింది. వయోమింగ్‌లోని ఫ్రీడమ్ ఆర్మ్స్ ఆ పని చేసింది. 2003లో .500 ఎస్ అండ్ డబ్ల్యూ మాగ్నం వచ్చింది. దీని 12.7 మిల్లీమీటర్ల బుల్లెట్ శక్తి భారతసైన్యం దశాబ్దాలపాటు వాడిన 7.62 మిల్లీమీటర్ల రైఫిల్ తూటా శక్తికి దగ్గరగా ఉంటుంది. ఆ శక్తిని భుజానికి ఆనించని ఆయుధంలో ఇమడ్చడానికి ‘ఎక్స్-ఫ్రేమ్’ అనే ప్రత్యేకమైన చట్రాన్ని తయారుచేసి, సిలిండర్‌లో ఆరుకు బదులు ఐదు గదులే ఉంచారు.

ఈ వంశక్రమం వల్ల ఒక ఆచరణాత్మక లాభం ఉంది. .44 మాగ్నం రివాల్వర్‌లో .44 స్పెషల్, .454 కాసల్‌లో .45 కోల్ట్ పేల్చవచ్చు. తేలిక తూటాలతో సాధన చేసి, అడవికి వెళ్ళేటప్పుడు బలమైనవి నింపుకొనే వీలుంది. ఈ సౌలభ్యాన్ని వాడుకొనేవారు తక్కువే అయినా, కొనుగోలులో దీనికి ఇవ్వవలసిన ప్రాధాన్యం కాలిబర్‌కు ఇచ్చేదానికంటే తక్కువ కాదు.

3. రీకాయిల్ లెక్క

పాఠ్యపుస్తకపు లెక్క బుల్లెట్ ద్రవ్యవేగాన్ని మాత్రమే తీసుకొంటుంది. నిజానికి మందు మండి ఏర్పడిన వాయువులు కూడా గొట్టం చివరనుండి బుల్లెట్‌కు మించిన వేగంతో వెలువడుతూ తుపాకీని వెనక్కి నెడతాయి. ఆ వాయువుల సగటు వేగాన్ని సెకనుకు 1200 మీటర్లుగా తీసుకొని లెక్కిస్తే వాస్తవానికి దగ్గరి అంచనా వస్తుంది. కింది అంకెలన్నీ ఈ పద్ధతిలో సాధారణ తూటాలకు వేసిన అంచనాలే.

.44 మాగ్నం తూటాలో 15.6 గ్రాముల బుల్లెట్ సెకనుకు 410 మీటర్ల వేగంతో పోతే దాని ద్రవ్యవేగం 6.4 కి.గ్రా.మీ./సె. మందు 1.4 గ్రాములు కాబట్టి వాయువుల వాటా 1.7. మొత్తం 8.1. అంటే తన్నులో ఐదోవంతు వాయువులదే. తరగతి గదిలో వదిలేసే భాగం అంత చిన్నదేమీ కాదు. పొడవు గొట్టం ఉన్న మోడల్ 29 బరువు 1.35 కిలోలు అనుకొంటే, అది సెకనుకు 6 మీటర్ల వేగంతో, 24 జౌళ్ళ గతిజశక్తితో వెనక్కి వస్తుంది. కిలో పైచిలుకు బరువున్న .357 మాగ్నం రివాల్వర్‌కు ఈ శక్తి 12 జౌళ్ళే.

ఇదే .44 తూటాను స్కాండియం మిశ్రలోహపు చట్రం, టైటానియం సిలిండర్ గల ‘329పీడీ’లో పేల్చితే ఏమవుతుంది? దాని బరువు సుమారు 710 గ్రాములు. గొట్టం పొట్టి కనుక బుల్లెట్ వేగం 370కి తగ్గుతుందనుకొన్నా, తుపాకీ సెకనుకు 10.5 మీటర్ల వేగంతో తన్నుతుంది. శక్తి 39 జౌళ్ళు. కిలోన్నర బరువున్న రూగర్ సూపర్ రెడ్‌హాక్‌లో .454 కాసల్‌కు వచ్చేది 47 జౌళ్ళు, వేగం 7.9 మీటర్లు. రెండు కిలోలు దాటిన పొడవు గొట్టపు .500లో శక్తి 63 జౌళ్ళకు చేరినా వేగం మాత్రం మళ్ళీ 7.9 దగ్గరే నిలుస్తుంది.

ఈ చివరి పోలికే కీలకం. శక్తిని బట్టి చూస్తే .500 అన్నింటికంటే కఠినమైనది. అయినా రెండూ పేల్చిన అనుభవజ్ఞులలో పలువురు తేలికైన .44 తమ చేతిని ఎక్కువ నొప్పించిందని చెబుతారు. కారణం వేగం. బరువైన వస్తువు మెల్లగా నెట్టితే అరచేయి సర్దుకొనే వ్యవధి ఉంటుంది. తేలికైనది వేగంగా కొడితే ఆ వ్యవధి ఉండదు. మొదటిది తోపు, రెండోది దెబ్బ. కాబట్టి రివాల్వర్‌ల ప్రచార పత్రాలలో తూటా శక్తిని మాత్రమే ముద్రించడం కొనేవారికి సగం సంగతి చెప్పడమే అవుతుంది.

తేలిక తుపాకీలో మరో చిక్కు ఉంది. సిలిండర్‌లో మిగిలిన తూటాలు కూడా తుపాకీతోపాటు విసురుగా వెనక్కి వస్తాయి. వాటి బుల్లెట్లు జడత్వం వల్ల ఉన్నచోటే నిలవబోయి, గొట్టపు అంచు పట్టునుండి మెల్లగా ముందుకు జారతాయి. ఒక బుల్లెట్ సిలిండర్ ముఖం దాటి బయటికి వస్తే సిలిండర్ తిరగదు. అవసరమైన క్షణంలో రివాల్వర్ ఇనుపముద్దగా మిగులుతుంది. తాము వాడే తూటాలతోనే ఐదు పేల్చి, ఆరోదాని పొడవు కొలిచి చూడడం ఈ ప్రమాదాన్ని ముందుగా తెలుసుకొనే మార్గం.

4. పిడి, చెవి, వేళ్ళు

రీకాయిల్ లెక్క ఒకటే అయినా చేతికి తెలిసే తీరు పిడిని బట్టి మారుతుంది. ఫ్రీడమ్ ఆర్మ్స్, రూగర్ సూపర్ బ్లాక్‌హాక్ వంటి సింగిల్ యాక్షన్ రివాల్వర్ల పిడి 19వ శతాబ్దపు కోల్ట్‌ల నాగలి మేడి ఆకారాన్ని అనుసరిస్తుంది. పేలినప్పుడు అది అరచేతిలో దొర్లి గొట్టం పైకి లేస్తుంది. తన్నులో కొంత ఆ దొర్లడంలో ఖర్చవుతుంది. డబుల్ యాక్షన్ పిడి పైభాగాన ఉండే మూపురం దొర్లడాన్ని ఆపి, బలాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న మెత్తని చోటికి నేరుగా పంపుతుంది. అందుకే నెమ్మదిగా గురిచూసి పేల్చే వేటగానికి మొదటిది హాయి. కాని దాని హామర్‌ను ప్రతి గుండుకూ బొటనవేలితో వెనక్కి లాగవలసిందే. డబుల్ యాక్షన్‌లో ట్రిగ్గర్ నొక్కుతూ పోతే చాలు. ఆత్మరక్షణ సందర్భంలో, కొంత నొప్పి ఎక్కువైనా, రెండోదే మేలనడం సమంజసం.

సిలిండర్‌కూ గొట్టానికీ నడుమ సన్నని ఖాళీ అన్ని రివాల్వర్లలోనూ ఉంటుంది. .460, .500 వంటి తూటాల పీడనానికి ఆ ఖాళీలోంచి వెలువడే వాయువు వేలిని తీవ్రంగా గాయపరచగలదు. పిస్టల్ పట్టే అలవాటుతో ఎడమచేతి బొటనవేలిని ముందుకు చాపడం ఇక్కడ ప్రమాదకరం.

శబ్దం సంగతి తరచూ మరుగున పడుతుంది. క్షణకాలపు శబ్దానికి 140 డెసిబెళ్ళను వినికిడికి హానికర స్థాయిగా పరిగణిస్తారు. మాగ్నం రివాల్వర్లు దానిని బాగా దాటుతాయి. గొట్టం పైకి లేవకుండా వాయువులను మళ్ళించే రంధ్రాలు రీకాయిల్‌ను తగ్గిస్తాయి గాని, ఆ మోతను పేల్చేవాని వైపే తిప్పుతాయి. అడవిలో ఎవరూ చెవులకు రక్షణ పెట్టుకొని నడవరు.

వీటన్నింటి ఫలితం సాధనలో బయటపడుతుంది. రాబోయే దెబ్బకు మనసు ముందే జంకి, ట్రిగ్గర్ నొక్కే క్షణాన మణికట్టు కిందికి వంగుతుంది. సిలిండర్‌లో పేలిన ఖాళీ తూటా ఒకటి చూడకుండా కలిపి పెడితే ఈ జంకు స్పష్టంగా కనిపిస్తుంది: మోత లేదు, తన్ను లేదు, అయినా గొట్టం నేలచూపు చూస్తుంది. పది మీటర్ల దూరంలో గురిని తప్పించడానికి ఆ వంపు చాలు.

5. మోసుకెళ్ళే తీరు

తేలిక రివాల్వర్లు పుట్టడానికి కారణం మోయడమే. రెండు కిలోల ఆయుధాన్ని రోజంతా నడుముకు కట్టుకొని కొండలెక్కడం కష్టం. మూడో రోజుకు అది సంచిలోకి చేరుతుంది. సంచిలోని ఆయుధం ఇంట్లో ఉన్నదానితో సమానం. నడుము ఒరకు మరొక అడ్డంకి వీపుసంచి తుంటిపట్టీ. నీళ్ళలో నిలబడి చేపలు పట్టేవారు ఛాతీ వరకు వచ్చే రబ్బరు దుస్తులు తొడుగుతారు కాబట్టి నడుముకు చేయి అందదు. అలాస్కాలో ఛాతీమీద ఏటవాలుగా కట్టే ఒర ప్రచారంలోకి రావడానికి ఈ అవసరాలే కారణం. సంచి ఉన్నా, కోటు ఉన్నా, కింద పడినా, ఏ చేతితోనైనా అందే చోటది.

ఛాతీ ఒరలో పొడవు గొట్టం ఇబ్బంది పెడుతుంది. 2005లో రూగర్ విడుదల చేసిన ‘సూపర్ రెడ్‌హాక్ అలాస్కన్’ గొట్టం రెండున్నర అంగుళాలే, బరువు మాత్రం దాదాపు 1.25 కిలోలు. బరువును ఉంచుకొని పొడవును వదులుకొన్న నిర్మాణమిది. 329పీడీ ఇందుకు సరిగ్గా విరుద్ధం. పొట్టి గొట్టంవల్ల బుల్లెట్ వేగం కొంత తగ్గి, మంట, మోత పెరుగుతాయి. గురిచూసే ముక్కుల మధ్య దూరం తగ్గి, గురిలోని చిన్న పొరపాటు పెద్దదవుతుంది. ఈ రెండు కొసల నడుమ, నాలుగంగుళాల గొట్టంతో కిలో 200 గ్రాముల వరకు తూగే ఉక్కు .44, దేనిలోనూ మొదటి స్థానం పొందకపోయినా, ఎక్కువమంది సాధన చేయగలిగే ఆయుధంగా నిలుస్తుంది.

6. రెండు సెకన్లు

గ్రిజ్లీ ఎలుగుబంటి గంటకు సుమారు 55 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు. ముప్పై మీటర్ల దూరాన్ని అది రెండు సెకన్లలో దాటుతుంది. ఒరలోంచి తీయడం, గురిపెట్టడం, పేల్చడం, గొట్టాన్ని మళ్ళీ దించి రెండో గుండు పేల్చడం అంతలోనే జరగాలి. .500కూ .44కూ మధ్య శక్తి వ్యత్యాసం రెండున్నర రెట్లు. కాని రెండో గుండు పేలకపోతే, మొదటిది తప్పిపోతే ఆ వ్యత్యాసానికి విలువలేదు.

అలాస్కాలో 1883–2009 మధ్య ఎలుగుబంట్లపై తుపాకులు ప్రయోగించిన 269 ఘటనలను టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో తదితరులు పరిశీలించి 2012లో ప్రచురించారు. చేతి తుపాకులు 84 శాతం, పొడవు తుపాకులు 76 శాతం సందర్భాల్లో ఫలించాయి. చేతి తుపాకుల ఘటనలు సంఖ్యలో తక్కువ కాబట్టి ఆ తేడాను ఆధిక్యానికి నిదర్శనంగా తీసుకోవడం పొరపాటు. అంతకంటే ఆలోచింపజేసే అంశం మరొకటి: తుపాకీ ఉన్నవారిలో దానిని వాడినవారికీ, వాడనివారికీ గాయాల రేటులో తేడా కనిపించలేదు. అదే బృందం 2008లో మిరపఘాటు స్ప్రేపై వెలువరించిన అధ్యయనంలో, గోధుమరంగు ఎలుగుబంట్ల అవాంఛిత ప్రవర్తనను అది 92 శాతం సందర్భాల్లో ఆపినట్లు తేలింది. రెండు అధ్యయనాల ఘటనల స్వభావం వేరు కనుక శాతాలను పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పలేము. ఎదురుగాలి వీచితే స్ప్రే దానిని వాడినవారి ముఖానికే వస్తుంది. అయినా ఆ డబ్బా బరువు తేలికైన రివాల్వర్ బరువులో సగమైనా ఉండదు, అది మణికట్టును తన్నదు, దాని మేఘానికి సూక్ష్మమైన గురి అక్కరలేదు.