పని నిలువక సర్వరు మార్చు విధము

మన సిరికొండ తహసీల్దారు కార్యాలయమునకు పొలము రిజిస్ట్రీ కొరకు అమ్మువాడు, కొనువాడు, ఇద్దరు సాక్షులు ఒక దినపు పని మానుకొని వత్తురు. అప్పుడు “సర్వరు నడచుట లేదు” అను మాట వినబడినయెడల ఆ నలుగురి కూలి, బస్సు ఖర్చు వ్యర్థమగును. సర్వరనగా దూరముననుండి అనేక కార్యాలయములకు లెక్కలందించు కంప్యూటరు. దానిని అప్పుడప్పుడు బాగుచేయకున్న మందగించును, దొంగలకు లోబడును. బాగుచేయుటకు ఆపినచో ప్రజలకు కష్టము. ఈ చిక్కు తీర్చు విధమును మా విద్యార్థులకు తెలుప గోరుచున్నాము.

బోధనులో 1937 లో స్థాపింపబడి 2015 లో మూతపడిన చక్కెర కర్మాగారమును పెద్దలెరుగుదురు. చక్కెర మిల్లులలో చెరకు ఆడు కాలమున యంత్రములు రేయింబవళ్లు తిరుగును. మరమ్మతులు చెరకు లేని నెలలలో జరుగును. సర్వరునకట్టి తీరిక నెలలు లేవు. కావున నేర్పరులు ముందుగా లెక్కలన్నిటికి నకలు తీసి, అది సరిగా తెరచుకొనునో లేదో చూతురు. పిదప క్రొత్త ఏర్పాటును వేరొక యంత్రముపై పరీక్షింతురు. వీలైనచోట పాతదానిని, క్రొత్తదానిని కలిపి నడుపుచు, ప్రజలను కొద్దికొద్దిగా క్రొత్తదానికి మరల్తురు. తప్పు కనబడిన పాతదానికే తిరిగి వత్తురు.

అయితే భూమి లెక్కలలో ఇది కష్టము. రెండు చోట్ల రెండు విధములుగా వ్రాత పడిన, ఒకే పొలము ఇద్దరికి అమ్ముడుపోవచ్చును. అట్టి చోట కొంతకాలము ఆపక తప్పదు. 2020 లో ధరణి ఏర్పాటునకై సెప్టెంబరు 8 న ఆగిన రిజిస్ట్రేషనులు వ్యవసాయ భూములకు నవంబరు 2 న మరల మొదలాయెను. అది చట్టముతో సహా జరిగిన పెద్ద మార్పు. 2024 లో ధరణి డేటాబేసును మాత్రము మార్చునప్పుడు, డిసెంబరు 12 గురువారము సాయంత్రమునుండి 16 సోమవారము ఉదయమువరకు సేవలుండవని ముందుగా ప్రకటించిరి. నడుమ రెండవ శనివారము, ఆదివారము ఉండుటచే ఆ ప్రకటన ప్రకారము నష్టపోవునది శుక్రవారపు పనియే. తదుపరి 2025 ఏప్రిలు 14 న ధరణికి బదులు భూభారతి వచ్చెను.

కావున దినము నెంచుట, ముందుగా చెప్పుట, నకలును భద్రపరచుట అను మూడును యంత్రజ్ఞానముతో సమానమైన పనులే. మన బాలబాలికలలో ఎవరైన రేపు అట్టి ఉద్యోగమున కుదిరిన, మీట నొక్కుటకు ముందు సిరికొండలో బల్లపై కూర్చున్న ఆ నలుగురిని తలంచుకొందురు గాక.