కొత్త ఇంజనుకు తొలి సంస్కారము

కొత్త రుబ్బురోలు ఇంటికి వచ్చిన నాడే దానిలో ఎవరును పప్పు రుబ్బరు. ముందుగా తవుడో నూకలో వేసి రుబ్బి, రాతిపొడి పోవువరకు ఆ పిండిని పారబోయుదురు. కొత్త మోటారు సైకిలు ఇంజనుకును ఇటువంటి సంస్కారమే అవసరము. మెకానిక్కులు దీనిని 'రన్నింగ్ ఇన్' అందురు. ఈ పనిలో తొందరపడినను చేటే, అతిగా జంకినను చేటే. కారణము తెలియవలెనన్నచో ఇంజను లోపల ఏమి జరుగునో చూడవలెను.

నునుపులోని గరుకు

సిలిండరు లోపలి గోడ కంటికి నున్నగానే కనబడును. సూక్ష్మదర్శినితో చూచినచో దానిపై ఒకదానినొకటి ఖండించుకొను సన్నని గీతలు, వాటి నడుమ చిన్న గట్లు కనబడును. కర్మాగారములో 'హోనింగ్' అను పనిచేత ఈ గీతలను కోరియే గీయుదురు. గీతలలో నూనె నిలుచును. గట్ల కొనలు పిస్టను రింగులతో ఒరసికొని, అరిగి, చదునగును. ఇట్లు రింగు, గోడ ఒకదానికొకటి అమరినప్పుడే మండిన వాయువు క్రిందికి జారదు, నూనె పైకి ఎక్కదు. అనగా ఇంజను తయారీలో చివరి పని కర్మాగారములో గాక, నడుపువాని చేతిలో జరుగుచున్నదన్న మాట.

తొందరపడినచో

మొదటి దినములలో రింగు గోడను తాకునది గట్ల కొనలవద్ద మాత్రమే. తాకుచోటు స్వల్పము, భారమంతయు దానిమీదనే. కనుక అక్కడ ఘర్షణ ఎక్కువ, వేడి ఎక్కువ. వేడికి లోహములన్నియు వ్యాకోచించును గాని సమానముగా వ్యాకోచింపవు. 1955లో మద్రాసులో కూర్చుట మొదలైన బుల్లెట్ 350 బండిని తీసికొందము. దాని పాత ఇంజనులో సిలిండరు పోతయినుము, పిస్టను అల్యూమినియము మిశ్రలోహము, వ్యాసము 70 మిల్లీమీటర్లు. వేడి 100 సెంటిగ్రేడు డిగ్రీలు పెరిగినచో అంత వ్యాసముగల అల్యూమినియము సుమారు 0.16 మిల్లీమీటరు పెరుగును. పోతయినుము అందులో సగమే, అనగా సుమారు 0.08 మిల్లీమీటరు పెరుగును. పైగా పిస్టను సిలిండరుకంటె ఎక్కువ వేడెక్కును. రెంటి నడుమ ఉండు సందు వెంట్రుకవాసితో కొలువదగినది. వేడి మితిమీరినచో ఆ సందు మూసికొనిపోవును, నూనె పొర తెగును, పిస్టను లోహము గోడకు అంటుకొనును. ఇంజను 'సీజ్' అగుట అనగా ఇదియే. పరుగులో ఉండగా ఇది జరిగినచో వెనుక చక్రము ఒక్కసారిగా బిగిసి, బండి జారిపడవచ్చును. అట్టి సూచన తోచిన క్షణమే క్లచ్ పట్టి, చక్రమును ఇంజను పట్టునుండి విడిపింపవలెను.

జంకినచో

అయితే ఎల్లప్పుడును మందగతిని నడుపుట క్షేమమా? కాదు. రింగు తన స్థితిస్థాపకతచేత గోడను కొంచెమే ఒత్తును. దానిని గట్టిగా ఒత్తునది, రింగు వెనుకకు చేరిన దహనవాయువుల పీడనమే. ఇంజనుపై భారము చాలనప్పుడు ఈ పీడనము చాలదు, గట్లు సరిగా అరుగవు. గోడమీది నూనె మెల్లమెల్లగా కాలి, గీతలను పూడ్చి, గాజువంటి పూతగా ఏర్పడును. అటుపిమ్మట రింగులు అమరుట కష్టము. నూనె ఖర్చు పెరుగును, నీలి పొగ వచ్చును, బలము తగ్గును. సిలిండరు విప్పి మరల హోనింగ్ చేయించుట తప్పనిసరి కావచ్చును.

నడుమ దారి

కాబట్టి చేయవలసినది మితముగా పని ఇచ్చుట, నడుమ విశ్రాంతి ఇచ్చుట. బయలుదేరిన కొద్ది నిమిషములు నెమ్మదిగా నడపి ఇంజనును వెచ్చబడనీయవలెను. తరువాత యాక్సిలరేటరును మితముగా తిప్పి వేగము పెంచి, మరల వదలి తగ్గించుచుండవలెను. వదలినప్పుడు పిస్టనుపై పీడనము తగ్గి, గోడలకు నూనె చక్కగా అందును, వేడియు తగ్గును. పెద్ద రోడ్డుమీద గంటలకొలది ఒకే వేగముతో పోరాదు. పెద్ద గేరులో ఇంజను మూలుగునట్లు లాగింపరాదు. మొదటి వారములోనే ఇద్దరెక్కి తిరుమల ఘాటు రోడ్డును ఎక్కింపరాదు. గాలితో చల్లబడు ఇంజనునకు దూరప్రయాణమున నడుమనడుమ విరామము మేలు.

అరిగిన లోహపు రజను నూనెలో చేరును. గేర్లు, క్లచ్ కూడ అదే నూనెలో తిరుగు బండ్లే నేడు ఎక్కువ. అందుచేత మొదటి సర్వీసును, నూనె మార్పును వాయిదా వేయరాదు. పెట్రోలుతో కలిసిన నూనెయే కందెనగా గల పాత రెండు స్ట్రోకుల బండ్లకు మరియొక జాగ్రత్త ఉండెడిది. 1961లో మైసూరులో తయారీ మొదలైన జావా అట్టిదే. పల్లమున యాక్సిలరేటరు పూర్తిగా మూసి దిగినచో పెట్రోలుతోపాటు నూనెయు అందదు.

నేటి సిలిండర్లను ఇంకను సూక్ష్మముగా తీర్చుటచేత ఈ కాలము తగ్గినదే గాని పోలేదు. హోండా వారి పుస్తకములు సయితము మొదటి 500 కిలోమీటర్లలో పూర్తి యాక్సిలరేటరుతో బయలుదేరవద్దనియు, దురుసుగా బ్రేకు వేయవద్దనియు చెప్పుచున్నవి. కొత్త టైర్లకును, బ్రేకులకును కూడ తొలి పరుగున పట్టు తక్కువ. ఏ బండికైనను దానితో వచ్చిన పుస్తకములోని అంకెలే ప్రమాణము. దినమునకు 20 కిలోమీటర్లు తిరుగువానికి 500 కిలోమీటర్లు 25 దినములలో పూర్తియగును. ఆ కొద్ది దినముల ఓర్పునకు ఇంజను ఏండ్ల తరబడి బదులు చెప్పును.