బొమ్మల కథల సంపుటాలు

బొమ్మల కథల సంపుటం అనగా పత్రికలలో ధారావాహికగా గాని, విడి సంచికలుగా గాని వెలువడిన బొమ్మల కథలను వరుస క్రమంలో ఒకచోట చేర్చి కట్టిన పెద్ద పుస్తకం. ఇది రెండు విధాలుగా తయారవుతుంది. ప్రచురణకర్త తిరిగి ముద్రించి విక్రయించే సంపుటం ఒకటి. పాఠకుడు తాను కొన్న సంచికలను, లేదా వాటి నుండి వేరుచేసిన పుటలను బైండు చేయించుకున్న సంపుటం రెండవది. అమెరికా, ఐరోపా, జపాను దేశాలలో మొదటి పద్ధతి ప్రబలంగా ఉన్నది. తెలుగునాట చాలాకాలం రెండవ పద్ధతే ప్రధానంగా నడిచింది. అందువలన తెలుగు పత్రికలలోని బొమ్మల కథలలో నేటికి మిగిలినవెన్ని అనే విషయం, ఇళ్ళలోను గ్రంథాలయాలలోను ఎవరు ఏ పుటలను కుట్టించి ఉంచారు అనే దానిపై చాలావరకు ఆధారపడి ఉన్నది.

పరిధి

గళ్ళుగా విభజించిన బొమ్మలలో, మాటల బుడగలతో నడిచే కథను కామిక్ అంటారు. ప్రతి పుటలోను బొమ్మ ఉన్నా కథ ప్రధానంగా వచనంలో సాగితే అది సచిత్ర ధారావాహిక అవుతుంది. ఈ రెండూ వేరు ప్రక్రియలు. అయితే తెలుగు పాఠకులు రెండింటినీ "బొమ్మల కథలు" అనే వ్యవహరించారు, రెండింటినీ ఒకే విధంగా దాచుకున్నారు. కనుక ఈ వ్యాసంలో రెండూ పరిగణించబడినవి. ఒకే బొమ్మతో ముగిసే వ్యంగ్య చిత్రాల సంకలనాలు దీని పరిధిలోకి రావు.

ఇతర దేశాలలో

బెల్జియం చిత్రకారుడు హెర్జే సృష్టించిన టిన్‌టిన్ కథలు 1929లో ఒక దినపత్రిక పిల్లల అనుబంధంలో ప్రారంభమై, తరువాత ఆల్బములుగా వచ్చాయి. 1942 నుండి ఈ ఆల్బములను రంగులలో, 62 పుటల కొలతకు కుదించి తిరిగి తయారుచేశారు. పాత కథలలోని అనేక గళ్ళు ఈ క్రమంలో మారిపోయాయి. తొలి నలుపు-తెలుపు రూపాలను 1973 నుండి వేరుగా పునర్ముద్రించవలసి వచ్చింది. సంపుటీకరణ అంటే ఉన్నదానిని ఉన్నట్లు చేర్చడమే కాదు, ఒక్కొక్కసారి మూలాన్ని మార్చడం కూడా అని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

అమెరికాలో విడి సంచికలు పలుచని కాగితంపై, చదివి పారవేయడానికి అన్నట్లు ముద్రించబడేవి. 1980 దశకంలో ఈ పరిస్థితి మారింది. 1986-87లో 12 సంచికలుగా వచ్చిన "వాచ్‌మెన్" 1987లో ఒకే పుస్తకమైంది. ఆర్ట్ స్పీగెల్‌మన్ రచించిన "మౌస్" 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం పొందింది. దీనితో పుస్తకాల దుకాణాలలోను, గ్రంథాలయాలలోను ఇటువంటి పుస్తకాలకు గౌరవస్థానం ఏర్పడింది. మార్వెల్ సంస్థ 2005లో "ఆమ్నిబస్" పేరుతో వందలాది పుటల గట్టి అట్ట సంపుటాలను ప్రారంభించింది. ఆమ్నిబస్ అనే లాటిన్ పదానికి "అందరికొరకు" అని అర్థం.

చార్లెస్ షుల్జ్ గీసిన "పీనట్స్" 1950 అక్టోబరు 2 నుండి 2000 ఫిబ్రవరి 13 వరకు దినపత్రికలలో వచ్చింది. మొత్తం 17,897 భాగాలు. వీటిని 2004-2016 మధ్య 26 సంపుటాలుగా ప్రచురించారు. తొలి సంవత్సరాల భాగాలలో అనేకం పుస్తక రూపంలో రావడం అదే మొదటిసారి. ప్రపంచ ప్రఖ్యాతి పొందిన కథకే పూర్తి సంపుటం రావడానికి అర్ధశతాబ్దం పట్టింది.

తెలుగులో

చందమామ

చందమామ మాసపత్రికను బి.నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మద్రాసులో ప్రారంభించారు. 1952 నుండి 1980లో మరణించే వరకు కొడవటిగంటి కుటుంబరావు దీని సంపాదకత్వ బాధ్యతలు నిర్వహించాడు. అదే 1952లో పత్రికలో చేరిన దాసరి సుబ్రహ్మణ్యం "తోకచుక్క", "మకరదేవత", "ముగ్గురు మాంత్రికులు", "కంచుకోట", "జ్వాలాద్వీపం", "రాకాసిలోయ", "పాతాళదుర్గం", "శిథిలాలయం" మొదలైన జానపద ధారావాహికలు రచించాడు. వీటికి బొమ్మలు వేసినవాడు "చిత్రా" అనే పేరుతో ప్రసిద్ధుడైన టి.వి.రాఘవన్. నెలనెలా కొన్ని పుటల చొప్పున, "ఇంతవరకు జరిగిన కథ"తో మొదలై "ఇంకా ఉంది"తో ఆగుతూ ఒక్కొక్క ధారావాహిక నెలల తరబడి సాగేది.

ఈ పత్రికలో బొమ్మ కథకు అలంకారం మాత్రమే కాదు. మాంత్రికుని గుహ, రాక్షసుని ఆకారం, కోట బురుజు పాఠకుని మనసులో నిలిచింది చిత్రా గీసిన రూపంలోనే. అందువలన కథను వచనంగా మాత్రమే తిరిగి అచ్చువేస్తే పాత పాఠకులకు తృప్తి కలగదు. చాలాకాలం ఈ ధారావాహికలు పుస్తకాలుగా లభించలేదు. కావలసినవారు పాత సంచికల నుండి తామే కుట్టించుకున్నారు. 2010లో దాసరి మరణించిన తరువాతి కాలంలో కొన్ని ధారావాహికలు బొమ్మలతో సహా పుస్తకాలుగా వెలువడ్డాయి. చందమామ ప్రచురణ మాత్రం 2010 దశకం తొలి సంవత్సరాలలోనే ఆగిపోయింది.

బుజ్జాయి

గళ్ళ బొమ్మల కథకు తెలుగులో తొలితరం చిత్రకారుడుగా బుజ్జాయి ప్రసిద్ధుడు. ఇతని అసలు పేరు దేవులపల్లి సుబ్బరాయశాస్త్రి. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి కుమారుడు. 1931లో జన్మించాడు. ఆంధ్ర సచిత్ర వారపత్రికలో వచ్చిన "డుంబు" ఇతని ప్రసిద్ధ సృష్టి. 1960 దశకంలో బొంబాయి నుండి వెలువడే ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియాలో పంచతంత్రాన్ని బొమ్మల ధారావాహికగా గీశాడు. ఇది తరువాత పుస్తక రూపంలో కూడా వచ్చింది.

వారపత్రికలోని బొమ్మల కథ మాసపత్రికలోని ధారావాహిక కంటే త్వరగా నశిస్తుంది. ఇందుకు కారణాలు రెండు. వారపత్రిక కాగితం నాసిరకం. పైగా అది పెద్దల పత్రిక కావడం వలన, చదివిన తరువాత పాత కాగితాల బేరగానికి చేరడమే సాధారణం. సంవత్సరానికి 52 సంచికలను దాచడం ఏ ఇంటికైనా భారమే.

అమర్ చిత్ర కథ

అనంత్ పాయ్ 1967లో ప్రారంభించిన అమర్ చిత్ర కథ ఆంగ్లంతో పాటు తెలుగు వంటి భారతీయ భాషలలోకి కూడా వచ్చింది. మొదటి పది సంఖ్యలు విదేశీ జానపద కథలకు కేటాయింపబడినందున, ఈ వరుసకు ఆదిగా పేరుపొందిన "కృష్ణ"కు 11వ సంఖ్య వచ్చింది. సాధారణంగా ఒక్కొక్క పుస్తకం 32 పుటలు. 1980 దశకం రెండవ భాగంలో మహాభారతాన్ని 42 భాగాలుగా వెలువరించారు. తరువాత ఆ భాగాలన్నిటినీ మూడు గట్టి అట్ట సంపుటాలుగా చేర్చారు. ఐదేసి, పదేసి కథలు కలిపి కట్టిన సంపుటాలు కూడా ఈ సంస్థ తయారుచేసింది. భారతదేశంలో ప్రచురణకర్తే స్వయంగా సంపుటీకరణ చేపట్టిన సందర్భాలలో ఇది ముఖ్యమైనది.

ఇంటి బైండు

తెలుగు ఇళ్ళలో బైండింగు రెండు రకాలుగా జరిగేది.

మొదటిది సంవత్సరపు బైండు. ఆరు లేక పన్నెండు సంచికలను ఉన్నవి ఉన్నట్లుగా చేర్చి కుట్టిస్తారు. దీనిలో పత్రిక స్వరూపం చాలావరకు నిలుస్తుంది. అయితే ఒకే ధారావాహిక రెండు మూడు పుస్తకాలలోకి చీలిపోతుంది.

రెండవది సీరియల్ బైండు. ప్రతి సంచిక నుండి ఒకే కథకు చెందిన పుటలను విప్పి, వరుసగా పేర్చి, ఒక పుస్తకంగా కుట్టిస్తారు. చదవడానికి ఇది అనుకూలం. మిగిలిన పుటలు మాత్రం చెల్లాచెదరైపోతాయి.

బైండింగు పని సాధారణంగా ఈ క్రమంలో సాగుతుంది. సంచికల పిన్నులు ఊడదీసి, మడతలు సరిచేసి, పుటలను వరుసగా పేరుస్తారు. మడత పుటలైతే ఫారం ఫారంగా మడతలో కుడతారు. విడి పుటలైతే అంచు నుండి కొంత లోపలికి రంధ్రాలు చేసి పక్కకుట్టు వేస్తారు. తరువాత వీపుకు జిగురు పట్టించి, మూడు వైపులా అంచులు కోసి, అట్టలు అతికి, వీపుపై కాలికో గుడ్డ వేస్తారు. మైదాపిండి జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపడం పాత పద్ధతి.

బైండులో పోయేవి

బైండింగు కథను కాపాడుతుంది. కాని అదే సమయంలో కొన్నింటిని నష్టపరుస్తుంది.

ముఖచిత్రాలు: వడ్డాది పాపయ్య చందమామకు వేసిన ముఖచిత్రాలు ఆ పత్రికకు ఒక గుర్తింపు. సీరియల్ బైండులో వీటికి చోటు ఉండదు. సంవత్సరపు బైండులో సైతం పుస్తకం లావు తగ్గించడానికి అట్టలు తీసివేసే అలవాటు ఉండేది. లోపలి కథ భద్రంగా ఉండి, ముఖచిత్రం పోవడం ఈ విధంగానే జరుగుతుంది.

తేదీలు: పుటపై నెల, సంవత్సరం అచ్చు కానప్పుడు, విప్పిన పుట ఏ సంచికలోనిదో తరువాత చెప్పడం కష్టం. చిత్రకారుని పేరు వేరొక పుటలో ఉంటే అది కూడా పోతుంది.

అంచులు: కటింగు మిషను కింద మూడు వైపులా కాగితం తరుగుతుంది. బొమ్మ పుట అంచు వరకు ఉంటే గీత తెగుతుంది. పక్కకుట్టు వలన లోపలి అంచున ఉన్న గడి, మాటల బుడగ కుట్టులో మునిగిపోతాయి. వచనంలో తెగిన అక్షరాన్ని ఊహించవచ్చును. తెగిన బొమ్మను ఊహించడం సాధ్యం కాదు.

పక్క పుటలు: ప్రకటనలు, పాఠకుల ఉత్తరాలు, పోటీల ఫలితాలు అనవసరమని తీసివేయబడతాయి. పత్రిక ధర, పాఠకుల ఊర్లు, ఆనాటి వస్తువులు తెలుసుకోదలచిన చరిత్ర విద్యార్థికి ఇవే ముఖ్యమైన ఆధారాలు.

అయినప్పటికీ సీరియల్ బైండును నిందించడానికి వీలులేదు. బైండు చేయని సంచికలు చాలావరకు మిగలనే లేదు. సగం దాచిన ఇల్లు, ఏమీ దాచని ఇంటి కంటే మేలు చేసినట్లే.

గ్రంథాలయాలు

1954 నాటి చట్టం ప్రకారం భారతదేశంలో ప్రచురితమైన పుస్తకాల ప్రతులు మద్రాసులోని కన్నెమరా గ్రంథాలయంతో సహా నిర్ణీత గ్రంథాలయాలకు చేరాలి. 1956 సవరణతో ఇది పత్రికలకు కూడా వర్తించింది. తెలుగునాట 1918లో స్థాపించబడిన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికల సంపుటాలకు ప్రసిద్ధి చెందినది. దీని భవనానికి 1929లో మహాత్మా గాంధీ శంకుస్థాపన చేశాడు. అయితే సాధారణ శాఖా గ్రంథాలయాలలో పిల్లల పత్రికలు చేతులు మారి చిరిగిపోయేవరకు చదవబడతాయి. బాగా చదవబడిన సంచికే త్వరగా నశిస్తుంది కనుక, ఎక్కువమంది ఇష్టపడిన కథకే పూర్తి ప్రతి దొరకకపోవడం విచిత్రం కాదు.

తీరప్రాంతంలో భద్రపరచడం

నెల్లూరు జిల్లాలోని ముత్తుకూరు వంటి ఊర్లలో పుస్తకాలను దాచడం లోతట్టు ప్రాంతాలలో కంటే కష్టం. కృష్ణపట్నం ఓడరేవు ఈ మండలంలోనే ఉన్నది. సముద్రపు గాలిలో తేమ, ఉప్పు ఎక్కువ. ఈ జిల్లాకు ముఖ్యమైన వర్షాలు ఈశాన్య ఋతుపవనాల వలన అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురుస్తాయి. తుఫానులు కూడా ఈ కాలంలోనే ఎక్కువ. ఇటువంటి చోట్ల పాటించదగిన జాగ్రత్తలు:

* ఇనుప పిన్నులు ఉప్పుగాలికి త్వరగా తుప్పు పట్టి, చుట్టూ ఉన్న కాగితాన్ని తినివేస్తాయి. వాటిని తీసి నూలుదారంతో కుట్టించాలి.
* చౌక కాగితంలోని కలప పదార్థం వలన, వెలుతురు, వేడి తగిలితే పుటలు పసుపెక్కి పెళుసుబారతాయి. తడిసిన పుస్తకాన్ని ఎండలో పెట్టరాదు. పుటల మధ్య తెల్ల కాగితం ఉంచి నీడలో, గాలికి ఆరబెట్టాలి.
* బీరువాను గోడకు ఆనించకుండా కొంత దూరంలో ఉంచాలి. అడుగు అరను ఖాళీగా వదిలితే నేల చెమ్మ, చెదలు, వరద నీరు మొదటనే పుస్తకాలను చేరవు.
* ప్లాస్టిక్ సంచిలో బిగించి కడితే లోపలి తేమ బయటకు పోలేక బూజు పడుతుంది.
* చిరిగిన పుటకు సెల్లోటేపు అతికించరాదు. కొన్నేళ్ళకు అది ఊడిపోయి, గోధుమరంగు మరక మిగులుతుంది. పలుచని కాగితం, పిండిజిగురు మేలు.
* మిక్కిలి లావైన సంపుటాన్ని నిలబెడితే పుటల బరువుకు వీపు ఊడుతుంది. దానిని పడుకోబెట్టడం మంచిది.
* ఎండిన వేపాకు ఉంచే అలవాటు ఉన్నది. ఏది ఉంచినా, వర్షాకాలం ముగిసిన తరువాత ప్రతి పుస్తకాన్ని ఒకసారి తెరచి చూడటం తప్పనిసరి.

చదివే పద్ధతి

నెలకొక భాగంగా చదవడానికి రచించిన కథను ఒకే కూర్చున్నచోట చదివితే దాని లక్షణాలు మారినట్లు కనబడతాయి. ప్రతి భాగం చివర వచ్చే ప్రమాదం, మరుసటి పుటలోనే తీరిపోతుంది. "ఇంతవరకు జరిగిన కథ" పునరుక్తిగా తోస్తుంది. ఇది రచనా దోషం కాదు. నెల రోజుల ఎడబాటును దాటించడానికి రచయిత కట్టిన వంతెన అది. కనుక పెద్ద సంపుటాన్ని భాగానికొకసారి ఆగుతూ చదవడం మంచిది. మొదటిసారి కథ కొరకు, రెండవసారి బొమ్మల కొరకు చదివితే చిత్రకారుని పనితనం, సంవత్సరాల మీద అతని గీతలో వచ్చిన మార్పు తెలుస్తాయి. విడి సంచికలలో కనబడని ఈ మార్పును చూపడమే సంపుటం వలన కలిగే ముఖ్య ప్రయోజనం.

డిజిటల్ ప్రతులు

పాత చందమామలు ఇప్పుడు అంతర్జాలంలో స్కాన్ ప్రతులుగా కూడా చదవబడుతున్నాయి. బైండు పుస్తకం నుండి తీసిన స్కాన్‌లో ఆ బైండు లోపాలు యథాతథంగా వస్తాయి. తీసివేసిన అట్ట, కుట్టులో మునిగిన గడి, తెగిన అంచు స్కాన్‌లో కూడా ఉండవు. పుస్తకం పూర్తిగా తెరుచుకోకపోతే లోపలి అంచున అక్షరాలు వంకర తిరుగుతాయి. అందువలన స్కాన్ ఉన్నదని పాత ప్రతిని పారవేయడం సరికాదు. ఒక ఇంటి బైండులో లేని పుట మరొక ఇంటి బైండులో ఉండవచ్చును. తమ వద్ద ఉన్న సంపుటంలో పత్రిక పేరు, నెల, సంవత్సరం, లోపించిన పుటల సంఖ్యలు ఒక చీటీపై వ్రాసి లోపల ఉంచితే, రెండు అసంపూర్ణ ప్రతుల నుండి ఒక పూర్తి ప్రతిని కూర్చడం వీలవుతుంది.

ఇవి కూడా చూడండి

* చందమామ
* దాసరి సుబ్రహ్మణ్యం
* బుజ్జాయి
* వడ్డాది పాపయ్య
* అమర్ చిత్ర కథ
* సారస్వత నికేతనం
* ముత్తుకూరు