ఈనిన తరువాత లేవలేని పాడిపశువులో భౌతిక పరీక్షాక్రమం

పాడి ఆవు లేదా గేదె ఈనిన ఒకటి రెండు రోజులకు నేలపై పడి లేవలేకపోతే రైతుకు మొదట స్ఫురించేది పాల జ్వరం, ఆ వెంటనే కాల్షియం సీసా. చాలా సందర్భాలలో ఈ ఊహ సరైనదే అవుతుంది. అయితే తీవ్రమైన పొదుగువాపు, గర్భాశయంలో చేరిన చీము, కష్టమైన ఈతలో నరాలకు తగిలిన దెబ్బ, తుంటి కీలు తొలగడం, ఎముక విరగడం, భాస్వరం లోపం కూడా పశువును ఇదే స్థితికి తీసుకురాగలవు. విషప్రభావంతో గుండె బలహీనపడిన పశువుకు సిర ద్వారా కాల్షియం వేగంగా ఎక్కిస్తే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఈ సందర్భంలో క్రమబద్ధమైన భౌతిక పరీక్ష చికిత్సకు ముందు తప్పనిసరి. ఏ ఒక్క లక్షణమూ వ్యాధిని నిర్ధారించదు. లక్షణాలను ఒకదానితో ఒకటి పోల్చి చూసినప్పుడే నిర్ధారణ సాధ్యమవుతుంది.

పూర్వచరిత్ర

పశువును తాకడానికి ముందే కొన్ని వివరాలు సేకరించాలి. ఎన్నవ ఈత, ఈని ఎన్ని గంటలైంది, దూడను లాగి తీయవలసి వచ్చిందా, మాయ పడిందా, చివరిసారిగా పేడ వేసినదీ మూత్రం పోసినదీ ఎప్పుడు, ఇప్పటికే ఏ మందులు ఇచ్చారు అనే ప్రశ్నలు ముఖ్యమైనవి. పాల జ్వరం ఎక్కువగా మూడవ ఈత, ఆ పై ఈతలలో, అధిక పాలిచ్చే పశువులలో, ఈనిన 72 గంటలలోపు కనిపిస్తుంది. కుక్కకాటు విషయం కూడా తప్పక అడగాలి. రేబిస్ సోకిన పశువు కొన్నిసార్లు వెనుక భాగం చచ్చుబడి పడిపోతుంది. చొంగ కారుస్తూ మింగలేకపోతుంది. అటువంటి పశువు గొంతులో ఏదో అడ్డుపడిందని భావించి చేతికి తొడుగు లేకుండా నోటిలో చేయి పెట్టడం ప్రాణాపాయం.

దూరం నుంచి పరిశీలన

దగ్గరకు వెళితే పశువు బెదిరి శ్వాస, నాడి వేగాలు మారతాయి. అందుచేత కొన్ని అడుగుల దూరంలో నిలిచి ముందుగా దాని భంగిమను, చురుకుదనాన్ని, శ్వాస తీరును గమనించాలి. పాల జ్వరంలో పశువు రొమ్ముపై కూర్చొని, మెడను వంకరగా తిప్పి, తలను డొక్కకు ఆనించి మందకొడిగా ఉంటుంది. నరాల దెబ్బ లేదా ఎముకల గాయం మాత్రమే ఉన్న పశువు సాధారణంగా చురుకుగా చూస్తుంది, మేత తింటుంది, ముందు కాళ్లతో లేచే ప్రయత్నం చేస్తుంది. పశువు పడి ఉన్న నేల జారుడుగా ఉందేమో కూడా చూడాలి.

ఉష్ణోగ్రత, నాడి, గుండె

థర్మామీటరును మలద్వారంలో పేడ మధ్య కాకుండా లోపలి గోడకు తగిలేలా ఉంచి సుమారు రెండు నిమిషాలు ఆగాలి. ఆరోగ్యవంతమైన ఆవులో ఉష్ణోగ్రత సుమారు 101.5 డిగ్రీల ఫారన్‌హీటు. గేదెలో సాధారణంగా కాస్త తక్కువ. గేదెకు నల్లని చర్మం, తక్కువ స్వేదగ్రంథులు ఉండటం వల్ల ఎండలో ఉష్ణోగ్రత త్వరగా పెరుగుతుంది. ఎండలో పడి ఉన్న గేదె ఉష్ణోగ్రతను బట్టి వెంటనే జ్వరమని నిర్ణయించరాదు. నీడ కల్పించి మరల చూడాలి.

పాల జ్వరం అనే పేరులో జ్వరం ఉన్నప్పటికీ ఉష్ణోగ్రత సాధారణంగానో అంతకు తక్కువగానో ఉంటుంది. చెవులు, కాళ్లు చల్లబడతాయి, ముట్టె పొడిబారుతుంది, కంటిపాపలు విప్పారుతాయి. పొదుగువాపులోను, గర్భాశయ వ్యాధులలోను తొలిదశలో జ్వరం ఉంటుంది. విషప్రభావం ముదిరిన కొద్దీ ఉష్ణోగ్రత పడిపోయి పాల జ్వరాన్నే పోలి ఉంటుంది. థర్మామీటరు ఒక్కదానిపై ఆధారపడితే పొరపాటు జరిగేది ఇక్కడే.

నాడిని తోక మొదట్లో అడుగు వైపున ఉన్న ధమనిపై చూడాలి. విశ్రాంతిగా ఉన్న పెద్ద ఆవులో నాడి నిమిషానికి సుమారు 50-80 సార్లు, శ్వాస 10-30 సార్లు ఉంటాయి. ఎడమ మోచేయి వెనుక స్టెతస్కోపు ఉంచి గుండె చప్పుడు వినాలి. పాల జ్వరంలో ఆ చప్పుడు వేగంగా, కాని నీరసంగా వినిపిస్తుంది.

శ్లేష్మపొరలు, జీర్ణవ్యవస్థ

కంటి లోపలి పొర లేతగులాబీ రంగులో ఉండాలి. అది పాలిపోయి, మూత్రం కాఫీ రంగులో ఉంటే భాస్వరం లోపం వల్ల ఎర్రరక్తకణాలు విచ్ఛిన్నమవుతున్నాయని అనుమానించాలి. గేదెలలో ఈనిన తరువాతి వారాలలో ఈ వ్యాధి కనిపిస్తుంది. పొర ఇటుక రంగుకు మారి, దానిపై రక్తనాళాలు ఉబ్బి కనబడితే విషప్రభావాన్ని శంకించాలి. లోతుకు పోయిన కళ్లు, పట్టి వదిలినా వెంటనే సర్దుకోని చర్మపు మడత శరీరంలో నీరు తగ్గిందని తెలుపుతాయి.

ఎడమ డొక్కపై పిడికిలి ఆనించి పెద్ద పొట్ట కదలికలను లెక్కించాలి. ఆరోగ్యవంతమైన పశువులో రెండు నిమిషాలకు సుమారు 2-3 కదలికలు చేతికి తెలుస్తాయి. పాల జ్వరంలో అవి ఆగిపోయి, పేడ నిలిచి, కడుపుబ్బరం మొదలవుతుంది.

పొదుగు, గర్భాశయం, కాళ్లు

తొందరలో ఎక్కువగా విడిచిపెట్టేది పొదుగు పరీక్ష. పశువు ఒక పక్కకు పడుకొని ఉంటే కింది భాగపు చనుకట్లు కనిపించవు. పశువును పక్కకు తిప్పి అయినా నాలుగింటి నుంచి పాలు పిండి చూడాలి. పాలు నీళ్లలాగానో, రక్తం కలిసో, ముక్కలుగానో వస్తే తీవ్రమైన పొదుగువాపుగా భావించాలి. గర్భాశయం నుంచి దుర్వాసనతో కూడిన ఎర్రని లేదా గోధుమరంగు స్రావం వస్తోందా, చనిపోయిన మరో దూడ గాని, చిరుగు గాని ఉందా అనేది తొడుగు ధరించి పరీక్షించాలి. చివరగా ప్రతి కాలినీ కదిపి చూడాలి. ఎముకలు ఒరుసుకొనే చప్పుడు విరుగుడును, పక్కలకు జారిపోయే వెనుక కాళ్లు తుంటి నరాల దెబ్బను సూచిస్తాయి.

చికిత్స సమయంలోనూ పరీక్ష

పరీక్షలన్నీ పాల జ్వరాన్నే సూచించినప్పుడు కాల్షియం బోరోగ్లూకోనేటును శరీర ఉష్ణోగ్రతకు వెచ్చచేసి, గుండె చప్పుడు వింటూ నెమ్మదిగా సిరలోకి ఎక్కించాలి. గుండె లయ తప్పితే వెంటనే ఆపాలి. త్రేనుపులు, కండరాల వణుకు, ముట్టెపై చెమ్మ, పేడ వేయడం కోలుకుంటున్న గుర్తులు. ఈ గుర్తులు కనిపించకపోతే మరొక సీసా ఎక్కించడానికి ముందు పరీక్షను మొదటి నుంచి తిరిగి చేయాలి.

విస్తరణ కార్యక్రమాలలో ప్రాధాన్యం

పడి ఉన్న పశువు బరువు కింద నలిగిన తొడ కండరాలు కొద్ది గంటలలోనే దెబ్బతింటాయి. ఆపై అసలు వ్యాధి నయమైనా పశువు లేవలేకపోవచ్చు. వైద్యుడు వచ్చేలోగా మందంగా గడ్డి పరచి, పశువును రొమ్ముపై కూర్చోబెట్టి, కొన్ని గంటలకొకసారి పక్క మార్చాలని రైతులకు నేర్పాలి. మింగలేని పశువుకు గొట్టంతో మందులు తాగిస్తే అవి ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉందని హెచ్చరించాలి. ఈనిన సమయం, పడిన సమయం, ఇచ్చిన మందులు ఒక కాగితంపై రాసి ఉంచే అలవాటు చేయిస్తే పశువైద్యుని పరీక్షలో తొలి భాగం రైతు ఇంటివద్దే పూర్తవుతుంది. గంటలు లెక్కకు వచ్చే ఈ స్థితిలో ఆ కాగితం విలువ తక్కువది కాదు.