పనిముట్ల పెట్టె కూడా సదఖాయే



రంజాన్‌లో రేషన్ సరుకులు, చలికాలంలో దుప్పట్లు, బడులు తెరిచేనాటికి పిల్లల ఫీజులు, పుస్తకాలు. ఈ ఖర్చులు మనకు కొత్త కావు. అయితే మనం సాయం అందించే ఇళ్లలో మన లెక్కకు అందని నష్టం ఒకటి ఉంది. చిన్న మరమ్మతు సమయానికి జరగకపోవడం వల్ల వచ్చే నష్టం అది.

ఒక ఉదాహరణ చూడండి. కుళాయి ఎంత బిగించినా చుక్కలు పడుతూనే ఉంటాయి. కింద పెట్టిన 200 మిల్లీలీటర్ల గ్లాసు పావుగంటకు నిండిందనుకుందాం. రోజుకు 96 గ్లాసులు, అంటే 19 లీటర్ల పైమాటే. ప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారని హదీసుల్లో ఉంది. ముద్ అంటే లీటరులో సుమారు మూడింట రెండు వంతులు. ఆ లెక్కన పాతిక మందికి పైగా వుజూకు సరిపోయే నీరు ప్రతిరోజూ మోరీ పాలవుతోంది. చాలాసార్లు కారణం లోపలి వాషరు అరిగిపోవడమే. వాషరుకు కొద్ది రూపాయలు చాలు. కానీ కుళాయి విప్పడానికి స్పానర్ ఇంట్లో ఉండదు. ప్లంబరును పిలిస్తే కూలి ఇవ్వాలి. నాలుగిళ్లలో పనిచేసి పిల్లల్ని పోషించుకునే తల్లి కుళాయికి గుడ్డ చుట్టి ఊరుకుంటుంది. తలుపు గొళ్లెం ఊడినా, స్విచ్చు బోర్డు వేలాడుతున్నా అంతే. అక్కడ పోయేది నీళ్లు కాదు, భద్రత.

దివ్య ఖుర్ఆన్‌లోని 107వ సూరా పేరు అల్-మాఊన్. ఆ ఏడు ఆయతుల సూరా అనాథను గెంటివేసేవాడి ప్రస్తావనతో మొదలై, మాఊన్ ఇవ్వడానికి నిరాకరించేవారి ప్రస్తావనతో ముగుస్తుంది. మాఊన్ అంటే జకాత్ అని కొందరు వ్యాఖ్యాతలు చెప్పారు. ఇరుగుపొరుగువారు ఒకరికొకరు ఎరువిచ్చుకునే బొక్కెన, వంటపాత్ర, గొడ్డలి వంటివని హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె మస్ఊద్ (రజి) వివరించారు. ఏడాదికి రెండుసార్లు వాడే స్పానర్‌ను ప్రతి ఇల్లూ కొనక్కరలేదు. మొహల్లాకు ఒక పెట్టె ఉంటే చాలు.

పెట్టెలో ఏముండాలి?

కుళాయిల పనికి: స్క్రూ స్పానర్, పైపు రెంచి, హాక్సా బ్లేడు, టెఫ్లాన్ టేపు, అరంగుళం వాషర్లు. పని మొదలుపెట్టే ముందు ట్యాంకు వాల్వు కట్టేయాలి. పైపు మొన మన వైపు ఉంచుకుని, గడియారం ముల్లు తిరిగే దిశలో టేపు చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు టేపు ఊడివస్తుంది.

తలుపులు, కిటికీలకు: సుత్తి, చదును మొన, నక్షత్రపు మొన స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్, ఉలి, చిన్న రంపం, కొలత టేపు, మేకులు, స్క్రూలు. గొళ్లెం స్క్రూ పట్టు తప్పితే కొత్త గొళ్లెం కొనక్కరలేదు. మందు తీసేసిన అగ్గిపుల్లలకు కర్ర జిగురు రాసి రంధ్రంలో దూర్చి, ఆరాక స్క్రూ బిగిస్తే మళ్లీ పట్టుకుంటుంది.

గోడలకు: తాపీ, డ్రిల్లింగ్ మిషన్, ప్లగ్గులు, ఒక నిచ్చెన. నిచ్చెన 4 అడుగుల ఎత్తుకు 1 అడుగు చొప్పున దాని కాలు గోడకు దూరంగా ఉండాలి. అల్యూమినియం నిచ్చెన తేలికే గాని, కరెంటు తీగల దగ్గర వాడరాదు.

కరెంటుకు: టెస్టర్, ఇన్సులేషన్ టేపు, టార్చి. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు, ప్రాణం తీయగలదు. టెస్టర్ వెలగలేదు గనుక కరెంటు లేదని నమ్మకూడదు. ముందు పనిచేస్తున్న ప్లగ్గులో టెస్టర్‌ను పరీక్షించుకోవాలి. బల్బు హోల్డరు మార్చాలన్నా మెయిన్ కట్టేశాకే ముట్టుకోవాలి. ఫ్యూజులో మందపాటి తీగ చుడితే ఫ్యూజు పోదు, గోడలో వైరు కాలుతుంది. వైరింగు, మీటరు పనులు మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనే చేయాలి. ఆ కూలి సొసైటీ భరించడం మేలు. వీలైతే ఆ ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎంసీబీ వైరును కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది.

ఎలా నడపాలి?

పెట్టె మస్జిద్ కార్యాలయంలోనో సొసైటీ గదిలోనో ఉండాలి. ఒక నోటు పుస్తకంలో పేరు, వస్తువు, తేదీ రాసుకుంటే చాలు. అద్దె వద్దు, డిపాజిట్ వద్దు. వాడితే వస్తువు అరుగుతుంది, దానికి ఎవరినీ నొప్పించకూడదు. నెలకోసారి అన్నీ సరిచూసి, తీగ చిరిగిన డ్రిల్లును వెంటనే పక్కన పెట్టాలి. వృద్ధులు, ఒంటరి స్త్రీలు ఉండే ఇళ్లకు పని తెలిసిన యువకులు ఇద్దరు కలిసి వెళ్లాలి.

నిధుల సంగతి కూడా స్పష్టంగా ఉండాలి. హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్ సొమ్మును అర్హునికి సొంతం చేయాలి. కాబట్టి అందరూ వాడుకునే పెట్టెకు సదఖా, లిల్లాహ్ సొమ్మే వాడాలి. జకాత్‌కు అర్హుడైన పేద వడ్రంగికో ప్లంబరుకో పనిముట్లు కొని అతనికే సొంతంగా ఇచ్చేస్తే, అది జకాత్ కింద చెల్లుతుంది. సందేహముంటే మీ ఆలిమ్ గారిని అడగండి.

యాచించడానికి వచ్చిన ఒక అన్సారీ సోదరుని ఇంటిలో ఉన్న దుప్పటిని, పాత్రను ప్రవక్త (స) రెండు దిర్హములకు అమ్మారు. ఒక దిర్హముతో ఇంటికి తిండి, రెండోదానితో గొడ్డలి కొనమన్నారు. ఆ గొడ్డలికి తమ చేతులతోనే కర్ర బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకోమని, 15 రోజులు తనకు కనిపించవద్దని పంపారు. అతను 10 దిర్హములు సంపాదించి తిరిగివచ్చాడని అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది.

రేషన్ సరుకులు ఆ మొదటి దిర్హము. దాన్ని మీరు ఏటా ఇస్తున్నారు. ఈ ఏడాది రెండో దిర్హము గురించి కూడా ఆలోచించండి. అల్లాహ్ మనందరి సదఖాలను స్వీకరించుగాక. ఆమీన్.