తల్లికి కుర్చీ చాలునా?

రక్తపుపోటుగల వృద్ధమాతను పడకకుర్చీనుండి కదలనీయకుండుటయే గౌరవమని మన కలిగిన యిండ్లలో పలువురు తలంచుచున్నారు. దీనిని మేమంగీకరింపజాలము.

అమెరికాలో 63 మొదలు 97 ఏండ్లవరకుగల 5,638 మంది స్త్రీలకు వారముదినములు చలనమును గొలుచు చిన్నయంత్రములు నడుమున గట్టి, పిమ్మట సుమారు 5 సంవత్సరములు వారి యారోగ్యమును పరిశీలించిరి. వారిలో పెక్కుమందికి రక్తపుపోటు కలదు. దినమునకు 11 గంటలు మించి కూర్చుండువారికి, 9 గంటలు మించనివారికంటె హృద్రోగాదులు ఎక్కువగ సంభవించినవని 2019లో ప్రకటించిరి. కూర్చుండుటయే కారణమని యింతమాత్రమున తేలకపోయినను, ఈ హెచ్చరికను ఉపేక్షింపరాదు.

ఔషధమును మాన్పింపవలదు. వైద్యుని సలహాతో, గంటకొకసారియైన ఆమెను లేచి పెరటివరకు నడువనిండు. కుర్చీ వేయుటతో పుత్రధర్మము తీరదు. చేయూతనిచ్చి తోడుగ నడువవలయును.