గాయం మానినా మచ్చ ఉబ్బుతోందా..? కోయిస్తే మళ్లీ పెరగొచ్చు.. పలాస జీడి కార్మికులు, ఉద్దానం కిడ్నీ బాధితులు తెలుసుకోవాల్సిన విషయాలివే!

జీడిపప్పుకు పలాస పెట్టింది పేరు. పలాస-కాశీబుగ్గ జంట పట్టణాల్లో వందల సంఖ్యలో జీడి పరిశ్రమలు ఉన్నాయి. పిక్కలు ఉడికించడం, కొట్టడం, పప్పు మీద పొట్టు తీయడం.. ఈ పనుల్లో ఎక్కువగా కనిపించేది మహిళలే. పప్పు కమ్మగా ఉన్నా, తొక్కలో ఉండే జిడ్డు రసం మాత్రం చర్మాన్ని కాల్చేస్తుంది. ఆవిరి, వేడి పిక్కల వల్ల అయ్యే గాయాలు దీనికి అదనం.

వీటిలో చాలా వరకు మానిపోతాయి. కానీ లోతుగా కాలిన చోట కొందరికి చర్మం ఎర్రగా, గట్టిగా ఉబ్బుతుంది. దురద, మంట వేధిస్తాయి. ‘మచ్చే కదా’ అని వదిలేసినా, ‘కోయించేస్తే పోతుంది’ అని తొందరపడినా నష్టమే. వేలి కీలు మీద మచ్చ బిగుసుకుపోతే వేలు వంగదు. చేతి పనే కూడు పెట్టే ఇంట్లో అది పెద్ద దెబ్బ.

అసలు మచ్చ ఎందుకు ఉబ్బుతుంది?

గాయం మానేటప్పుడు శరీరం కొలాజెన్ అనే పదార్థంతో ఆ చోటును పూడుస్తుంది. పని పూర్తయ్యాక ఆ ఉత్పత్తి తగ్గాలి. కొందరిలో తగ్గదు. దాంతో మచ్చ ఎత్తుగా పెరుగుతుంది. ఇందులో రెండు రకాలు ఉన్నాయి.

మొదటిది హైపర్‌ట్రోఫిక్ మచ్చ. ఇది గాయం అయిన హద్దులోనే ఉబ్బుతుంది. సాధారణంగా ఒకటి రెండు నెలల్లో మొదలై, కాలం గడిచేకొద్దీ కొంత తగ్గే అవకాశం ఉంది. కాలిన గాయాల తర్వాత ఎక్కువగా కనిపించేది ఇదే. గాయం మానడానికి మూడు వారాలు దాటితే ముప్పు బాగా పెరుగుతుంది.

రెండోది కెలాయిడ్. ఇది గాయం హద్దు దాటి పక్కనున్న మంచి చర్మం మీదకి పాకుతుంది. నెలల తర్వాత కూడా మొదలవ్వొచ్చు, దానంతట అది తగ్గడం అరుదు. ఛాతీ, భుజం, చెవి తమ్మె, దవడ దగ్గర ఎక్కువగా వస్తుంది. చెవి కుట్టించుకున్నా, టీకా వేసినా, మొటిమ మానినా రావొచ్చు. కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా కనిపిస్తుంది. ఇది అంటువ్యాధి కాదు, క్యాన్సరూ కాదు.

ఎలాంటి చికిత్సలు ఉన్నాయి?

* సిలికాన్ షీట్, జెల్: గాయం పూర్తిగా మూసుకున్నాకే వాడాలి. షీట్‌ను రోజుకు 12 గంటలకు పైగా, కనీసం రెండు మూడు నెలలు ఉంచాలి. తీరప్రాంతం ఉక్కపోతకు చెమట పొక్కులు వస్తే తీసి, కడిగి, ఆరాక మళ్లీ పెట్టుకోవాలి. పని వేళల్లో షీట్ కుదరనివారికి జెల్ మేలు.

* ఒత్తిడి పట్టీలు: కాలిన పెద్ద మచ్చలకు బిగుతైన తొడుగులు వాడతారు. స్నానం వేళ తప్ప రోజంతా, ఆరు నెలల నుంచి ఏడాది వరకు వేసుకోవాలి.

* స్టెరాయిడ్ ఇంజెక్షన్: కెలాయిడ్‌కు మొదట ఎంచుకునే చికిత్సల్లో ఇది ముఖ్యమైంది. ట్రయామ్‌సినొలోన్ మందును నేరుగా మచ్చలోకే ఎక్కిస్తారు. సుమారు నెలకోసారి చొప్పున చాలాసార్లు చేయించుకోవాలి. నొప్పి ఉంటుంది. చర్మం పలచబడటం, తెల్లబారడం, గుంట పడటం జరగొచ్చు. సరిపోకపోతే 5-ఫ్లోరోయురాసిల్ అనే మందు కలిపి ఇస్తారు. గర్భిణులకు ఈ రెండో మందు వాడకూడదు.

* క్రయోథెరపీ: ద్రవ నైట్రోజన్‌తో మచ్చను గడ్డకట్టిస్తారు. చిన్న కెలాయిడ్లకు పనికొస్తుంది. చామనఛాయ చర్మంపై తెల్ల మచ్చ మిగలొచ్చు.

* లేజర్: ఎరుపు, దురద, గట్టిదనం తగ్గించడానికి మిగతా చికిత్సలతో కలిపి చేస్తారు.

మరి కోయిస్తే ఏమవుతుంది?

ఇక్కడే చాలామంది పొరబడతారు. కెలాయిడ్‌ను కోయడం అంటే శరీరానికి మళ్లీ కొత్త గాయం చేయడమే. వేరే చికిత్స ఏదీ లేకుండా కోసేస్తే సగం మందికి పైగా తిరిగి వస్తుందని, ఒక్కోసారి ముందుకన్నా పెద్దదవుతుందని వైద్యులు హెచ్చరిస్తున్నారు. అందుకే ఆపరేషన్ చేసినా వెంటనే ఇంజెక్షన్లు, లేదా ఒకటి రెండు రోజుల్లో రేడియేషన్ మొదలుపెడతారు. నాటు పద్ధతిలో కాల్చడం, యాసిడ్ పెట్టడం మరింత ప్రమాదం.

అయితే కాలిన మచ్చ బిగుసుకుని వేళ్లు, మోచెయ్యి, మెడ కదలకపోతే విషయం వేరు. అప్పుడు బిగువు వదిలించే ఆపరేషన్, అవసరమైతే చర్మం అతికించడం తప్పనిసరి కావొచ్చు. పిల్లల్లో అసలు ఆలస్యం చేయకూడదు. ఆపరేషన్ తర్వాత వ్యాయామం, చెక్కబద్ద కట్టుకోవడం మానేస్తే మళ్లీ బిగుస్తుంది.

ఉద్దానం కిడ్నీ బాధితులకు ప్రత్యేక జాగ్రత్త

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 2023 డిసెంబర్ 14న పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్‌తో పాటు 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైంది కూడా ఇందుకే. డయాలసిస్ చేయించుకునేవారికి చేతిలో ధమనిని, సిరను కలిపి ఫిస్టులా చేస్తారు. ఆ చేతి మీద మచ్చ ఉబ్బినా ఒత్తిడి పట్టీ కట్టకూడదు. రక్తప్రవాహం తగ్గి ఫిస్టులా మూసుకుపోవచ్చు. మచ్చ నొప్పికి మెడికల్ షాపులో అడిగి పెయిన్ కిల్లర్లు మింగితే కిడ్నీలు ఇంకా దెబ్బతింటాయి. షుగర్ ఉన్నవారు స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కు ముందే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి.

ఎక్కడికి వెళ్లాలి?

ముందుగా టెక్కలి జిల్లా ఆసుపత్రిలోనో, శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనో చూపించుకోవచ్చు. ప్లాస్టిక్ సర్జరీ అవసరమైతే విశాఖ కేజీహెచ్‌లో ఆ విభాగం ఉంది. పథకం కింద ఆపరేషన్ వర్తిస్తుందా లేదా అన్నది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి. ఒక్క ఇంజెక్షన్‌తో దురద తగ్గగానే చాలామంది ఆపేస్తారు. వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుందన్నది నిజమే. కానీ మధ్యలో ఆపితే పెట్టిన ఖర్చు, పోయిన కూలి రెండూ వృథా. ఎన్నిసార్లు రావాలో మొదటి రోజే అడిగి తెలుసుకుంటే పని సర్దుకోవచ్చు.

గాయమైన రోజే జాగ్రత్త పడితే..

వేడికి కాలితే 20 నిమిషాలు పారే నీటి కింద ఉంచాలి. జీడి తొక్క రసం పడితే సబ్బుతో, ఎక్కువ నీటితో కడగాలి. పేస్టు, సిరా, పేడ పూయొద్దు. పనిలో గ్లౌజులు వాడాలి. ఏళ్లనాటి కాలిన మచ్చ మీద మానని పుండు వచ్చినా, రక్తం కారినా వెంటనే డాక్టర్‌కు చూపించాలి. అరుదుగా అది క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఉంది.

గమనిక: ఈ సమాచారం అవగాహన కోసం మాత్రమే. ఏ చికిత్స అయినా వైద్యుల సలహాతోనే తీసుకోవాలి.